కన్నులతో వినుట

(దొరవారిసత్రం సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంవత్సరములో మన డయాసిస్ నూరేండ్ల సువార్త పనిని గురించి, బడులను గురించి, ఆసుపత్రులను గురించి మాకంటె తగినవారు చెప్పుచున్నారు. ఈ సాయంత్రము మేము మన మధ్యనే కూర్చుండి, మన ప్రసంగములలో ఒక్కటైనను విననివారిని గురించి మాట్లాడ కోరుచున్నాము. వారు బధిరులు. వారి చెవులను గురించి మాట్లాడువారు చాలమంది ఉన్నారు. మేము వారి మనస్సును గురించి, వారి దుఃఖమును గురించి, ఆ దుఃఖములో సంఘము వారికి ఎట్లు తోడుండవలెనో దానిని గురించి చెప్పదలచుకొన్నాము.

ముందుగా మా తప్పు ఒకటి మీ ఎదుట ఒప్పుకొందుము. ఇది మేము ఇంతకు ముందు పనిచేసిన మరొక ఊరిలో జరిగినది. ఆ కుమార్తె అనుమతి పొంది, ఆమెను గుర్తుపట్టగల వివరములు తీసివేసి చెప్పుచున్నాము.

ఆమె పుట్టుకతోనే బధిరురాలు. బధిరుల పాఠశాలలో ఎనిమిదవ తరగతి వరకు చదివినది. తరువాత ఇంట పని కొరకు తీసుకొని వచ్చారు. ఒక రాత్రి తండ్రి ఆమె వండిన చేపల కూర తిన్నాడు. కాసేపటికి చెమటలు పట్టి, వాంతి చేసుకొని పడిపోయాడు. ఆటోలో పట్టణమునకు తీసుకొని వెళ్లారు. తెల్లవారుసరికి శవము ఇంటికి వచ్చినది. మరునాడు మేమే భూస్థాపన చేశాము. ఆమె ఒక ప్రక్కన నిలుచుండి మా పెదవుల వైపు చూచుచుండుట మాకు జ్ఞాపకమున్నది. ఆమెకు ఎవరూ ఏమియు చెప్పలేదని మాకు తోచలేదు.

ఆ తరువాత ఆమె పొయ్యి దగ్గరకు పోదు. చేప ముట్టదు. గంజి తప్ప తినదు, రాత్రులు నిద్రపోదు. ఇంటివారు గాలి సోకినదని భయపడి మా దగ్గరకు తీసుకొని వచ్చారు. మేము నూనె రాసి, తలపై చేయి ఉంచి ప్రార్థించాము. వేదాంత కళాశాలలో ఆదరణ పరిచర్య అను పాఠము చదివినవారము గనుక ఊరకే ప్రార్థించి పంపక, మనస్సులో ఏ బాధ ఉన్నదో అడగమని తల్లికి చెప్పాము. తల్లి రెండు చేతులు ఆడించి అడిగినది. కూతురు తల అడ్డముగా ఊపినది. “ఏమీ లేదంటుండాదయ్యా” అన్నది తల్లి. మేము నమ్మాము.

రెండు నెలల తరువాత, ఆమె చదివిన పాఠశాలలో పనిచేయు ఒక టీచరమ్మగారు వేరే పని మీద ఆ వైపు వచ్చి, ఆమెను చూచి, నేరుగా మా ఇంటికి తీసుకొని వచ్చారు. మేము కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాము. టీచరమ్మగారు మొదట చేసిన పని మా కుర్చీని జరిపించుట. “అయ్యగారూ, వెలుతురు మీ వెనుక ఉంటే మీ ముఖము ఆమెకు నల్లగా కనబడుతుంది. ఇటు రండి” అన్నారు. తరువాత, “నన్ను చూచి మాట్లాడకండి. ఆమెను చూచి మాట్లాడండి. నేను మీ మాటలు ఆమెకు, ఆమె మాటలు మీకు అందిస్తాను, అంతే” అన్నారు. తల్లిని కొంచెము సేపు బయట కూర్చుండమని మర్యాదగా అడిగారు.

ఆమె చేతులు రెండు గంటల సేపు ఆగలేదు. చెప్పినది ఇది: తన కూర తిని తండ్రి చనిపోయాడు. తానే చంపినది. ఇంటికి వచ్చిన ఆడవారందరు గుండెలు బాదుకొనుచు తన వైపే చూచారు. తల్లి తనను క్షమించలేదు, అందుకే ఆ సంగతి ఎత్తుట లేదు. పాస్టరుగారు తలపై చేయి పెట్టి కండ్లు మూసుకొన్నది తన పాపము పోవుటకే.

ప్రియులారా, ఆ తండ్రి గుండెపోటుతో చనిపోయాడని ఊరందరికి తెలుసును. ఆసుపత్రి వారు కాగితము కూడ ఇచ్చారు. ఆ కూర ఇంటిల్లపాది తిన్నారు. ఎవరికీ ఏమియు కాలేదు. ఈ నాలుగు మాటలు ఆ బిడ్డకు ఎవరూ చెప్పలేదు. తల్లి చెడ్డది కాదు. తల్లికి తెలిసిన సైగలు తిను, పండుకో, రా, పో, నీళ్లు, డబ్బు వంటివి. ఆ రోజు మా ఎదుట ఆమె అడిగినది “కడుపు నొప్పా?” అని మాత్రమే. కూతురు కాదన్నది. గుండెపోటుకు, నేరభావమునకు, క్షమాపణకు ఆ ఇంట సైగలే లేవు.

టీచరమ్మగారు ఆసుపత్రి కాగితము చేత పట్టుకొని, గుండె అనగా ఏమి, రక్తనాళము మూసుకొనిపోవుట అనగా ఏమి, ఆ వాంతి ఎందుకు వచ్చినది, అన్నియు సైగలతో వివరించారు. ఆమె మూడుసార్లు మరల చెప్పించుకొన్నది. అప్పుడు ఏడ్చినది. తరువాత మా వైపు తిరిగి, భూస్థాపన రోజున మీరేమి చెప్పారని అడిగినది. మరునాడు సమాధి దగ్గరకు వెళ్లి, ఆ ఆరాధన క్రమమును మరల మొదటి నుండి చదివాము. టీచరమ్మగారు సైగలతో చెప్పారు. ఆమెకు తండ్రి భూస్థాపన ఆ రోజున జరిగినది.

దానితో అంతయు బాగుపడినదని చెప్పము. నిద్ర కొరకు, దిగులు కొరకు మనోవైద్యుని మందులు కొన్ని నెలలు వాడవలసి వచ్చినది. కాని ఆ రెండు నెలలు ఆమె ఒంటరిగా మోసిన భారము మోయవలసిన అవసరము లేనిది. అందులో మా పాలు ఉన్నది.

ఆ రోజు మొదలుకొని ఈ విషయమును గురించి చదువుచున్నాము, బధిరులను అడిగి తెలుసుకొనుచున్నాము. మాకు అర్థమైన మొదటి సంగతి ఇది: బధిరుని మనస్సును క్రుంగదీయునది చెవి కంటె, ఇంటిలో తనకు మాట లేకపోవుటయే. లాన్సెట్ అను వైద్య పత్రికలో 2012లో వచ్చిన ఒక సమీక్షా వ్యాసములో, తన మాట ఇంటివారికి అర్థము చేయలేని బధిర బాలుడు మానసిక వ్యాధికి లోనగు అవకాశము, ఇంటివారితో చక్కగా సంభాషింపగల బధిర బాలునికంటె నాలుగింతలు ఎక్కువ అని వ్రాసినారు. ఇద్దరి చెవులు ఒక్కటే. తేడా ఇంటిలో ఉన్నది. అమెరికాలో లెక్కించి చూచినప్పుడు, బధిర బిడ్డలలో నూటికి తొంభై మందికి పైగా వినగల తల్లిదండ్రులకే పుట్టినవారని తేలినది. కాబట్టి తన ఇంటనే పరభాషవారి మధ్య ఉన్నట్లు పెరుగుట వారిలో ఎక్కువమంది అనుభవము. భోజనముల వేళ అందరు నవ్వుదురు. ఎందుకని అడిగితే “తర్వాత చెప్తాలే” అందుము. ఆ తర్వాత రాదు. మన దేశములో 2011 జనాభా లెక్కల ప్రకారము వినికిడి లోపము గలవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. అందులో ఎందరు “తర్వాత చెప్తాలే” అను మాట మీద జీవించుచున్నారో ఆలోచించండి.

కొందరు, పెదవులు చూచి అర్థము చేసికొనలేరా అని అడుగుదురు. ఇంటికి పోయి అద్దము ముందు నిలుచుండి, గొంతు తీయక “పాట, బాట, మాట” అని చూడండి. మూడింటికిని పెదవులు ఒకే విధముగా కదలును. ఏది పాటయో, ఏది బాటయో కంటితో ఎవరు తేల్చగలరు? పోనీ, కాగితము మీద వ్రాసి చూపిన చాలదా అందురు. కొందరికి చాలును. కాని చెవితో తెలుగు వినని బిడ్డకు అక్షరములు వచ్చినను, తెలుగు నేర్చుకొన్న రెండవ భాష వంటిదే. మనకు కష్టము వచ్చినప్పుడు ఇంగ్లీషులో వ్రాసి చూపమంటే ఎట్లుండునో, అట్టిదే.

వారి స్వంత భాష సైగల భాష. అది మన తెలుగును చేతులతో చూపుట కాదు. దానికి తన పదములు, తన వ్యాకరణము ఉన్నవి. ముఖకవళిక కూడ ఆ వ్యాకరణములో భాగమే. కనుబొమలు ఎత్తినచో అది ప్రశ్న కావచ్చును. ఈ సంగతి తెలియనివారు, వీరికి కోపమెక్కువ, ముఖము చిట్లించుదురు అని అనుకొందురు. అది కోపము కాదు, వాక్యము.

ఇట్టి భాషను ఎందుకు మన బడులలో సయితము చాలకాలము చిన్నచూపు చూచారు? దానికి కథ ఉన్నది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరములో బధిర విద్యను గురించి జరిగిన మహాసభ, బడులలో సైగలు మాని నోటి మాటయే నేర్పవలెనని తీర్మానించినది. దాని ప్రభావము లోకమంతట వ్యాపించినది. పిల్లలు చేతులు కట్టుకొని కూర్చుండవలసి వచ్చినది. 130 ఏండ్ల తరువాత, 2010లో, కెనడాలోని వాంకూవరులో కూడిన అట్టి మహాసభయే ఆ తీర్మానములను త్రోసిపుచ్చి, వాటివలన కలిగిన హాని కొరకు విచారము తెలిపినది. మన దేశములో బధిరుల విద్యకు సంఘములు తొలి నుండి పాటుపడినవి. 1880 దశకములో బొంబాయిలో కతోలిక బిషప్పు లియో మ్యూరిన్ గారు, ఆ శతాబ్దము ముగియు దినములలో పాళయంకోటలో ఫ్లోరెన్స్ స్వెయిన్సన్ దొరసానిగారు బధిరుల బడులు స్థాపించారు. మనకు దగ్గరలోని తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానము వారు బధిరుల పాఠశాల నడుపుచున్నారు. మంచి ఎవరు చేసినను మంచియే.

ఇటీవల ప్రభుత్వమును మేల్కొన్నది. 2015లో ఢిల్లీలో భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రము ఏర్పడినది. వారి నిఘంటువు 2018లో 3,000 పదములతో మొదలై 2021 నాటికి 10,000 పదములైనది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సైగల భాషను సంభాషణా సాధనముగా గుర్తించినది. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అను బధిర న్యాయవాది, సైగల దుబాసి సహాయముతో సుప్రీంకోర్టు ఎదుట తన వాదన వినిపించారు. 2024లో త్రిస్సూరులో జోసెఫ్ థెర్మడోమ్ అను బధిర సహోదరుడు కతోలిక గురువుగా అభిషేకము పొందారు. న్యాయస్థానము, బలిపీఠము తలుపు తెరచినప్పుడు మన గ్రామ సంఘము తలుపు మూసికొని ఉండనేల?

ఇప్పుడు వారి మర్యాదలను గురించి రెండు మాటలు. మనకు అమర్యాదగా తోచునవి వారికి మర్యాదలు. భుజము తట్టి పిలుచుట తప్పు కాదు. దీపము ఆర్పి వెలిగించి అందరి దృష్టిని ఆకర్షించుట తప్పు కాదు. మాట్లాడునప్పుడు కన్ను కన్నులో పెట్టి చూచుట, పెద్దల ఎదుట సయితము, గర్వము కాదు. చూపు మరల్చుటయే అక్కడ అవమానము, ఎందుకనగా చూపు మరల్చినవాడు చెవులు మూసుకొన్నట్లే. ప్రతివారికి వారు ఒక సైగ పేరు పెట్టుదురు, పుట్టుమచ్చను బట్టియో, జుట్టును బట్టియో, అలవాటును బట్టియో. మన ప్రక్కనున్న నేలపట్టు పక్షులను గురించి ఒక బధిర బాలుడు మాకు చెప్పిన తీరు చూడండి: గడ్డము క్రింద అరచేయి సంచివలె వ్రేలాడదీసినాడు. గూడబాతు ముక్కు మా కన్నుల ఎదుట నిలిచినది.

మనము వారికి పెట్టిన పేర్లో? “మూగోడు”, “చెవిటిది”. చర్చి రిజిస్టరులో బాప్తిస్మపు పేరు వ్రాసి, వీధిలో ఆ పేరును పాతిపెట్టుచున్నాము. చెవిటివాని ముందు శంఖము ఊదినట్లు అని సామెత చెప్పుకొని నవ్వుచున్నాము. తప్పు శంఖము ఊదినవానిది అని ఆ సామెతలో ఎవరును గ్రహించరు. చెవిటివానిని తిట్టకూడదని లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించెను. వాడు వినడు గదా, వానికి బాధ ఏమి అనుకొనువారి కొరకే ఆ ఆజ్ఞ.

మరొక గాయము మన సంఘములు చేయునది. బిడ్డ బధిరుడని తెలిసిన దినమున, ఎవరి పాపము అను ప్రశ్న ఇంటిలోనికి వచ్చును. సాధారణముగా అది తల్లి తలపై పడును. మేనరికము కారణము కావచ్చును, గర్భములో ఉన్నప్పుడు వచ్చిన రుబెల్లా కారణము కావచ్చును, కారణము తెలియకయు పోవచ్చును. పెండ్లికి ముందు, కాన్పుకు ముందు వైద్యుని అడుగుట, పుట్టిన బిడ్డకు ఆలస్యము లేక వినికిడి పరీక్ష చేయించుట మంచిదే. అయితే యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ఆ ప్రశ్నను ప్రభువు అంగీకరింపలేదు. మనము మాత్రము ఇంకను అడుగుచున్నాము. మరియు స్వస్థత కూటములకు బధిరులను లాగుకొని పోయి, వేదిక మీద నిలిపి, చెవిలో కేకలు వేసి, మాట్లాడు మాట్లాడు అని బలవంతము చేయుట మేము చూచితిమి. స్వస్థత రానప్పుడు విశ్వాసము లేదని వానినే నిందింతురు. దేవుని శక్తిని మేము సందేహించుట లేదు. కాని ఒక మనుష్యుని సిగ్గుపరచి చేయు ప్రార్థనలో ప్రభువు పద్ధతి లేదు.

ప్రభువు పద్ధతి ఏదో మార్కు 7వ అధ్యాయములో ఉన్నది. బధిరుడైన ఆ మనుష్యుని ఆయన మొదట జనసమూహములో నుండి ప్రక్కకు తీసుకొనిపోయెను. ఇది ఏకాంతము. తరువాత అతని చెవులను తాకెను, నాలుకను తాకెను, ఆకాశము వైపు చూచి నిట్టూర్చెను. ఎప్ఫతా అను మాట అన్నిటి తరువాత వచ్చినది. ఆ మాటకు ముందు ఆయన చేసినవన్నియు కంటికి కనబడునవి. అతని భాషలో అతనికి ముందుగా చెప్పి, తరువాత మాట పలికెను. మేము ఈ భాగము మీద ఎన్నో ప్రసంగములు చేసినాము గాని, ఆ కుమార్తె మా ఇంటికి వచ్చువరకు ఈ వరుస మాకు కనబడలేదు.

లూకా 1వ అధ్యాయములో బిడ్డ పేరును గురించి బంధువులు జెకర్యాను సైగలతో అడిగారు, అతడు పలక తెప్పించుకొని వ్రాసెను. బంధువులు అతని బదులు తామే నిర్ణయింపలేదు, అతనిని అడిగారు. ఏలీయా బదరీ వృక్షము క్రింద చావు కోరినప్పుడు దేవదూత ప్రసంగము చేయలేదు. తట్టి లేపి, రొట్టె, నీళ్లు చూపెను. తట్టుట, చూపుట! మనము బధిరులకు చేయవలసిన పరిచర్యకు ఇంతకంటె మంచి పాఠము ఏ కళాశాలలో ఉన్నది?

ఇక మనము చేయగలవి చెప్పి ముగించెదము.

మొదటిది, మరణము, జబ్బు, అప్పు, పెండ్లి మాటలు, ఏది వచ్చినను ఇంటిలోని బధిరునికి మొదట చెప్పుడి, చివర కాదు. పూర్తిగా చెప్పుడి. అర్థమైనదా అని అడుగక, ఏమి అర్థమైనదో చెప్పమని అడుగుడి. తల ఊపుట చాలమందికి అలవాటు, అది అర్థమైనదనుటకు గుర్తు కాదు.

రెండవది, వారి మనస్సులోని మాట వినవలసినప్పుడు ఇంటివారిని దుబాసిగా పెట్టకుడి. అత్తగారి ఎదుట కోడలు తన బాధ ఎట్లు చెప్పును? మాటలు వచ్చిన చిన్నపిల్లలను తల్లిదండ్రుల కష్టములకు దుబాసిగా నిలుపుట ఆ పిల్లలకు మోయరాని బరువు. సైగల భాష నేర్చిన బయటి వ్యక్తిని పిలువుడి. స్త్రీకి స్త్రీని పిలువుడి. విన్నది ఆ గదిలోనే ఉండవలెను. బధిరుల లోకము చిన్నది. ఒక మాట బయట పడినచో నెల్లూరు నుండి మద్రాసు వరకు పాకును, వారు మరల ఎవరికిని నోరు విప్పరు.

మూడవది, పెండ్లికి ముందు ఇచ్చు ఆలోచన, పెండ్లి ప్రమాణములు, రెండును వారి భాషలో జరుగవలెను. అర్థము కాని ప్రమాణమునకు తల ఊపించుట ప్రమాణము కాదు.

నాలుగవది, తిండి మానుట, నిద్ర లేకపోవుట, ఎవరిని కలువకపోవుట, చావు మాట ఎత్తుట, ఇవి కనబడినప్పుడు దయ్యమని తేల్చివేయక వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్లుడి. చావు తలంపు ఉన్నదా అని సూటిగా అడుగుటకు భయపడకుడి. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ వారి 14416 నంబరుకు ఎవరైనను ఫోను చేయవచ్చును. కాని అది ముఖ్యముగా నోటి మాటతో నడచునది గనుక బధిరుని ప్రక్కన సైగలు తెలిసినవారు ఒకరు కూర్చుండవలెను. ప్రార్థనయు, మందును ఒకదానికొకటి శత్రువులు కావు.

ఐదవది, యౌవనస్థులారా, ఇది మీకు. మీ చేతులలో ఫోనులున్నవి. ఢిల్లీ కేంద్రము వారి సైగల నిఘంటువు దృశ్యములు ఉచితముగా దొరుకుచున్నవి. ప్రతి పాస్టరేటు నుండి ఇద్దరు, ఒక యువకుడు, ఒక యువతి, నేర్చుకొనవలెను. పుస్తకము చూచి మాత్రమే గాక, మీ ఊరి బధిరుని దగ్గర కూర్చుండి నేర్చుకొనుడి. అతడు గురువు కావలెను, మీరు శిష్యులు కావలెను. ఇన్నాళ్లు అందరి దగ్గర తీసికొనువాడుగా ఉన్న అతనికి ఇచ్చువాడగుటలో గొప్ప ఆదరణ ఉన్నది.

మేమును నేర్చుకొనుచున్నాము. నలభై దాటిన వేళ్లు తొందరగా వంగవు. మా తప్పు సైగలు చూచి ఆ కుమార్తె నవ్వుచున్నది. ఆ నవ్వు చూచుటకైనను తప్పులు చేయవచ్చునని మా అభిప్రాయము.

నూరేండ్లుగా మన గుడి గంటలు మ్రోగుచున్నవి. ఆ గంట వినబడనివారు కూడ ఆదివారము ఉదయము స్నానము చేసి, మంచి బట్ట కట్టుకొని, వచ్చి వెనుక బల్ల మీద కూర్చుండుచున్నారు. పాట లేదు, ప్రసంగము లేదు, అయినను వచ్చుచున్నారు. వారి విశ్వాసము మనకంటె గొప్పది కాదా? ఈ కూటము ముగిసిన తరువాత సంఘ పెద్దలు ముందు వరుసలో, వెలుతురు తగులు చోట, ఒక బల్ల వారి కొరకు ఉంచవలెనని మా మనవి. మొదటి ఆదివారము మనమే వెళ్లి, భుజము తట్టి, పేరు పెట్టి పిలిచి, వారిని అక్కడ కూర్చుండబెట్టుదము.

మన చెవులు తెరచిన దేవుడు మన కన్నులను కూడ తెరచును గాక. ఆమేన్.